విద్యార్థి పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు వెబ్ డిజైనింగ్ బోధిస్తూ, చివరి సెమిస్టర్‌లో వారి కోర్సు పనులను ఇతరులకు చూపే పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్లు తయారు చేయిస్తుంటాను. పరకాల, నర్సంపేటల నుంచి రోజూ బస్సులో వచ్చేవారైనా, ఇక్కడే హాస్టళ్లలో ఉండేవారైనా దాదాపు ఇవే అపోహలతో మొదలుపెడతారు.

అపోహ: ముందుగా డబ్బు పెట్టి డొమైన్ (సైటు చిరునామా), హోస్టింగ్ (సైటును ఉంచే చోటు) కొనాలి.

వాస్తవం: అవసరం లేదు. కోడ్ ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచుకునే గిట్‌హబ్ వారి 'గిట్‌హబ్ పేజెస్'లో 1 జీబీ వరకు ఉన్న సైటును ఉచితంగా నడుపుకోవచ్చు. కోడ్ రాయడం రానివారికి గూగుల్ సైట్స్ సరిపోతుంది.

అపోహ: మూడేళ్లలో చేసినవన్నీ పెడితేనే ప్రతిభ తెలుస్తుంది.

వాస్తవం: నాలుగైదు పనులు చాలు. అయితే ఒక్కొక్కదాని కింద అసలు సమస్య ఏమిటో, బృందంలో మీ వంతుగా ఏ భాగం చేశారో, ఎక్కడ తప్పి ఎలా సరిదిద్దుకున్నారో రాయాలి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీల (నూలు తివాచీల) మీద ప్రాజెక్టు చేసిన ఒక విద్యార్థిని, తుది నివేదిక పీడీఎఫ్ ఒక్కటే సైటులో పెట్టింది. ఆమె నోటుపుస్తకం అడిగి చూస్తే, కొత్తవాడలో మగ్గం పక్కన కూర్చొని పెన్సిలుతో గీసిన బొమ్మ, నేత కార్మికుల జవాబులు విన్నాక సగానికి సగం కొట్టివేసి తిరగరాసుకున్న ప్రశ్నల జాబితా కనిపించాయి. "అవి గలీజుగా ఉన్నయి సార్" అని సంకోచించింది. నా దృష్టిలో ఆమె నేర్చుకున్నదంతా ఆ కొట్టివేతల్లోనే ఉంది. ఇప్పుడు ఆమె సైటు తెరవగానే ముందు కనిపించేవి ఆ రెండు పేజీల ఫొటోలే.

అపోహ: నా ల్యాప్‌టాప్‌లో బాగా కనిపిస్తే అందరికీ అలాగే కనిపిస్తుంది.

వాస్తవం: ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడాను విండోస్ సాధారణంగా పట్టించుకోదు కాని, గిట్‌హబ్ పేజెస్ పట్టించుకుంటుంది. ఫోన్ నుంచి వచ్చిన ఫొటో పేరు చివర 'జేపీజీ' పెద్ద బడిలో ఉండి, కోడ్‌లో మీరు చిన్న బడిలో రాస్తే, ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన బొమ్మ ఇంటర్నెట్‌లో ఖాళీ గడిగా మిగులుతుంది. తెలుగుకు మరో చిక్కు ఉంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన వ్యాసాన్ని అన్ని పరికరాల్లో చదవగలిగే యూనికోడ్‌కు మార్చకుండా అతికిస్తే, చదివేవారికి అర్థం లేని గుర్తుల వరుస తప్ప మరేమీ కనిపించదు.

అపోహ: పొరపాటున పెట్టినదాన్ని తీసివేస్తే పోయినట్లే.

వాస్తవం: హాల్ టికెట్ నంబరు ఉన్న మార్కుల మెమోను గిట్‌హబ్‌లోని పబ్లిక్ రిపాజిటరీలో (సైటు ఫైళ్లు ఉండే, అందరూ చూడగల ఫోల్డరులో) పెట్టి మరుసటి రోజు తొలగించినా, పాత కమిట్ (అప్పట్లో భద్రపరిచిన ఫైళ్ల స్థితి) తెరిచినవారికి అది కనిపిస్తూనే ఉంటుంది. విద్యార్థులకు నేను చెప్పే సులువైన మార్గం, ఆ రిపాజిటరీని పూర్తిగా తొలగించి, మెమో లేని ఫోల్డరుతో కొత్తది ప్రారంభించడం. దానికి ముందు, మీ ల్యాప్‌టాప్‌లోని ఆ ఫోల్డరు లోపల కంటికి కనిపించకుండా ఉండే గిట్ ఫోల్డరును కూడా తీసివేయాలి. లేకపోతే పాత చరిత్ర అంతా మెమోతో సహా కొత్త రిపాజిటరీలోకి వచ్చి చేరుతుంది.