“ఒరిజినల్ ఎక్కడుందండీ?”: ప్రింట్‌మేకింగ్ అపోహలు, వాస్తవాలు

ప్రింట్‌మేకర్‌ని అంటే హైదరాబాద్‌లో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, “ఛత్తా బజార్‌లోనా షాపు?” పెళ్లిపత్రికలు అచ్చువేసేవాళ్లంటే నాకు గౌరవమే. కాకపోతే నా పని వేరు: పలక మీద చేత్తో బొమ్మ చేసి, దాన్ని కాగితం మీద అచ్చు తీయడం.

అపోహ: ప్రింట్ అంటే పెయింటింగ్‌కి కాపీ.

వాస్తవం: ప్రతి ఎగ్జిబిషన్‌లో ఎవరో ఒకరు “ఒరిజినల్ ఎక్కడుందండీ?” అని అడుగుతారు. గోడకున్నదే ఒరిజినల్. ఎచింగ్‌లో జింకు పలకకు మైనం, తారు కలిసిన పూత పూసి, దానిమీద సూదితో గీస్తాం. పలకను నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో పెడితే గీసిన చోటే లోహాన్ని తింటుంది. గీతల వెంట సన్నటి బుడగలు లేస్తాయి. వాటిని పక్షి ఈకతో తోస్తూ ఉండాలి, లేకపోతే గీత సమంగా దిగదు. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ లోతు, ఎక్కువ నలుపు. తర్వాత పూత తీసేసి, సిరా పట్టించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్ తిప్పితే కాగితం ఆ గీతల్లోకి దిగి సిరాను లాక్కుంటుంది. బొమ్మ అప్పుడే పుడుతుంది, అదీ కుడి ఎడమలు తారుమారై. చదువుకునే రోజుల్లో పలక మీద పేరు మామూలుగా చెక్కేసి, అచ్చు తీశాక నాలుక కరుచుకున్నాను.

అపోహ: ఎన్నంటే అన్ని తీసుకోవచ్చు, ఇక విలువేముంది?

వాస్తవం: బొమ్మ కింద పెన్సిల్‌తో 3/20 అని ఉంటే, మొత్తం ఇరవై అచ్చుల్లో మూడోదని. పలక కూడా అరుగుతుంది. రోజిన్ అనే చెట్టు బంక పొడి చల్లి తెచ్చే ఆక్వాటింట్ నీడలైతే మరీ త్వరగా పోతాయి. అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. పెయింటింగ్‌ను స్కాన్ చేసి, కంప్యూటర్ ప్రింటర్‌లో తీసి ‘లిమిటెడ్ ఎడిషన్’ అని అమ్మేవాళ్లున్నారు. కొనేముందు “పలక చేసిందెవరు?” అని అడగండి.

అపోహ: పెయింటింగ్ రానివాళ్లే ఇటొస్తారు.

వాస్తవం: చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ ఎచింగుల్లోని మేకల్ని, పల్లె మనుషుల్ని చూసినవాళ్లెవరూ ఈ మాట అనరు. చిత్తూరు జిల్లాలో పుట్టిన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని ఆట్‌లియే 17 అనే ప్రింట్ స్టూడియోలో పనిచేశారు. మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో పలక కావాలి. నూనె పాళ్లు వేరైన సిరాలు ఒకదాన్నొకటి తోసేస్తాయన్న గుణం పట్టుకుని, గట్టి రోలర్లు, మెత్తటి రోలర్లు వాడి, ఎత్తుపల్లాలున్న ఒకే పలక మీంచి అన్ని రంగులూ ఒకేసారి తీసే పద్ధతిని ఆయన, తోటివారు అక్కడ సాధించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. తెలుగువాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎందరో లెక్కపెట్టాలంటే నాకు బాధ.

అపోహ: డిజిటల్ వచ్చింది, ఇక ఇది పాతబడింది.

వాస్తవం: ఇప్పటి పిల్లలు ఫోన్‌లో తీసిన ఫొటోను సిల్క్‌స్క్రీన్‌కి, అంటే సిరాను సన్నటి జాలీగుడ్డ గుండా తోసి అచ్చు తీసే పద్ధతికి, ఎక్కిస్తున్నారు, చెక్కను లేజర్‌తో చెక్కిస్తున్నారు. అసలు టెన్షన్ డిజిటల్‌తో కాదు. అంత బరువైన ప్రెస్‌ను అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకు ఎక్కించలేం, యాసిడ్ ఇంట్లో పెట్టుకోలేం. అందుకే నలుగురం కలిసి ఒకే స్టూడియోలో సర్దుకుంటాం. ఏప్రిల్‌లో అయితే తడి కాగితాన్ని పాలిథిన్‌లో చుట్టి ఉంచినా, బయటికి తీసి పలక మీద సరిచూసి పెట్టేలోపే అంచులు ఆరిపోతాయి. ఎండాకాలం మా ప్రెస్ తిరిగేది పొద్దున ఎనిమిదిలోపే.