మండల విలేకరికి పని నేర్పిందెవరు?

కర్నూలు, అనంతపురం, కడప... ఈ మూడు జిల్లాల్లో ఏ వార్తలో తప్పు దొర్లినా మొదటి తిట్టు మండల విలేకరికే పడుతుంది. రాయకూడని చోట పేరు రాశాడని, నీటి కొలతల్లో క్యూసెక్కుకూ టీఎంసీకీ తేడా తెలియదని, ఒకవైపు మాటే విని రాసేశాడని. ఆ తప్పులు జరుగుతున్నాయి, కాదనను. కానీ ఈ పని అతనికి ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువ మందికి ఎవరూ నేర్పలేదు. ఎందుకిలా అయిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

సీమకు పత్రికలు కొత్త కాదు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో తెల్లదొరల మీద రాసిన రాతకు మూడేళ్లు జైలుకు పోయాడు. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926లో 'సాధన' పెట్టి, కరువు జిల్లాలో కూడా సొంత పత్రిక నిలబడుతుందని చూపించాడు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 'మీజాన్' నుంచి 'ఆంధ్రప్రభ' వారపత్రిక దాకా వెళ్లి తెలుగు పత్రికారంగంలో పెద్ద పేరయ్యాడు. కడప వైపు రాచమల్లు రామచంద్రారెడ్డి (రా.రా.), గజ్జెల మల్లారెడ్డి ఉన్నారు. రా.రా. 'సంవేదన' పత్రిక నడిపిన కాలంలో ఆయన చేతికి రచన ఇవ్వడానికి భయపడేవాళ్లట, అంత కచ్చితమైన మనిషి. 1937లో సీమ నాయకులూ కోస్తా నాయకులూ కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక కూడా మద్రాసులో 'ఆంధ్రపత్రిక' కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లోనే జరిగింది.

వీళ్లలో ఎవరూ జర్నలిజం కోర్సు చదివి రాలేదు. తెలుగునాట జర్నలిజం చెప్పే విశ్వవిద్యాలయ శాఖ అంటూ మొదలైంది 1954లో, ఉస్మానియాలో. అంతకుముందు పని నేర్చుకోవడమంటే ప్రెస్సులో చేరి, ప్రూఫులు దిద్ది, సంపాదకుడు ఎర్రసిరాతో కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ రాసి, ఎందుకు కొట్టేశాడో అర్థం చేసుకోవడమే. నెమ్మదిగా సాగే పద్ధతి అది. కొద్దిమందికే దొరికేది, అందులోనూ చదువుకున్న అగ్రకులాల మగవాళ్లకే ఎక్కువ దొరికేదని దాచకుండా చెప్పుకోవాలి. అయినా తప్పు చేస్తే చెప్పే మనిషి పక్కనే ఉండేవాడు.

తాలూకా స్థాయిలో అప్పుడు పత్రికకు ఒక మనిషి ఉంటే గొప్ప. ఆయన బడిపంతులో, వకీలో, పార్టీ కార్యకర్తో అయ్యుండేవాడు. వార్తను కవర్లో పెట్టి పోస్టులోనో ఆర్టీసీ బస్సులోనో పంపడం, మరీ అర్జెంటైతే ప్రెస్ టెలిగ్రామ్ కొట్టడం. ఆదోని నుంచో రాయచోటి నుంచో వారానికి రెండు మూడు వార్తలు వెళ్తే చాలు. పేపర్లో చోటూ అంతే ఉండేది.

ఇదంతా తలకిందులైంది 1980ల్లో. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. పాత తాలూకా ఉన్నచోట మూడు నాలుగు మండలాలు, వాటికి ఆఫీసులు, అధ్యక్షులు, వాళ్ల గొడవలు... అంటే వార్త పుట్టే చోట్లు ఒక్కసారిగా పెరిగాయి. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1989లో, 'ఈనాడు' జిల్లాకొక ప్రత్యేక అనుబంధం మొదలుపెట్టింది. చిన్న ఊరి బట్టల కొట్టువాడు కూడా తన జిల్లా పేజీల్లో ప్రకటన ఇచ్చుకోగలిగాడు, ఆ ప్రకటనల పక్కన రోజూ నింపడానికి ఊరి వార్తలు కావాల్సి వచ్చాయి. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 1996లో 'వార్త' వచ్చింది. మూతపడిన 'ఆంధ్రజ్యోతి' 2002లో మళ్లీ తెరుచుకుంది. 2008 మార్చిలో 'సాక్షి' ఒకేరోజు 23 ఎడిషన్లతో దిగింది. మధ్యలో టీవీ చానళ్లు. ప్రతి పత్రికకూ, ప్రతి చానలుకూ మండలానికొకరు కావాలి.

ఈ పెరుగుదలను నేను తప్పుపట్టను. బోరు ఎండిపోయిన సంగతి, బడికి పంతులు రాని సంగతి, రేషను బియ్యం పక్కదారి పట్టిన సంగతి పేపర్లో చదవడం సీమ పల్లెలకు అంతకుముందు తెలియదు. వెనకబడిన కులాల నుంచి, దళితవాడల నుంచి పిల్లలు మొదటిసారి విలేకరులైంది కూడా ఈ మండల పేజీల వల్లే. కానీ తీసుకున్న తీరు చూడండి. డిగ్రీ దాకా చదివాడా, బండి ఉందా, నలుగురూ తెలుసా, పండక్కీ నాయకుడి పుట్టినరోజుకూ యాడ్ తేగలడా. చాలాచోట్ల పేపరు ఏజెంటునే విలేకరిని చేశారు. ఈరోజు ఉద్యోగం, రేపటి నుంచి వార్తలు. మధ్యలో నేర్చుకునే రోజు ఒక్కటీ లేదు.

శిక్షణ అసలే లేదంటే అబద్ధం. ఉంది, ఇంకో మెట్టు మీద ఉంది. పెద్ద పత్రికలు హైదరాబాదులో సొంత జర్నలిజం బడులు పెట్టుకున్నాయి. ఈనాడు జర్నలిజం స్కూలుకు భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ ప్రిన్సిపాలుగా పనిచేశారు. సులువైన తెలుగులో తప్పుల్లేకుండా రాయడమెలాగో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు తర్వాత చాలా పత్రికల్లో కనిపించారు. ప్రవేశపరీక్ష, స్టైపెండు, క్రమశిక్షణ... మంచి చదువే. మన జిల్లాల నుంచి కూడా ఎంతోమంది వెళ్లారు. అయితే అక్కడ తయారైనవాళ్లు ఎక్కువగా డెస్కులో సబ్ఎడిటర్లయ్యారు. కల్యాణదుర్గంలోనో ఆళ్లగడ్డలోనో కూర్చుని వార్త పంపే మనిషికి ఆ చదువులో వాటా లేదు. అంటే వార్తను దిద్దేవాడికి శిక్షణ ఇచ్చాం, తెచ్చేవాడిని వదిలేశాం.

ఆ లోటు పూడ్చడానికే 1996లో ప్రభుత్వ ప్రెస్ అకాడమీ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక మన వైపు అది, 2019లో కన్నుమూసిన 'విశాలాంధ్ర' సంపాదకుడు చక్రవర్తుల రాఘవాచారి పేరు మీద సి.రాఘవాచారి మీడియా అకాడమీ అయింది. పాత తెలుగు పత్రికలను డిజిటల్ చేసి పెట్టింది ఈ అకాడమీయే, దానికి ఎంత మెచ్చుకున్నా తక్కువే. జిల్లాల్లో గ్రామీణ విలేకరులకు పునశ్చరణ తరగతులు నడిపింది, నాగార్జున విశ్వవిద్యాలయంతో కలిసి డిప్లొమా తెచ్చింది. కడప యోగివేమనలో జర్నలిజం శాఖ ఉంది. 2018లో గూగుల్ కూడా తెలుగుతో కలిపి ఏడు భాషల్లో ఎనిమిది వేల మంది జర్నలిస్టులకు నకిలీ వార్తలు పట్టుకోవడం నేర్పుతామని ప్రకటించింది.

కానీ జిల్లా కేంద్రంలో జరిగే రెండురోజుల తరగతి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లను అడగండి. పొద్దున ప్రారంభోత్సవం, వేదిక మీద నాయకులు, అధికారులు, శాలువాలు. మధ్యాహ్నం ఒక గంటలో చట్టాలు, ఒక గంటలో భాష, సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. చెప్పిన పాఠాలు మంచివే అయ్యుండొచ్చు. మర్నాడు ఊరికెళ్లి ఆ మనిషి రాసిన వార్త చదివి, ఇది ఇక్కడ తప్పింది అని చెప్పేవాళ్లు లేకపోతే ఆ పాఠం ఎన్నాళ్లు గుర్తుంటుంది?

ఒకప్పుడు ఆ పని కొంతైనా జరిగేది. వార్త రాసిన కాగితాలు పట్టుకుని విలేకరి పత్రిక దగ్గరి ఆఫీసుకో జిల్లా ఆఫీసుకో వచ్చేవాడు. అక్కడున్న సీనియర్ చదివి, "ఏమప్పా, ఎమ్మార్వోను అడిగినావా? ఆయప్ప ఏమన్యాడో ఇందులో లేదే" అని వెనక్కి పంపేవాడు. రాత్రి డెస్కు నుంచి ఫోనొచ్చేది, ఊరి పేరు సరేనా, సర్వే నంబరు సరేనా, అవతలివాళ్ల వివరణ ఏదీ అని. చాలామంది నేర్చుకున్నది ఈ తిట్లలోనే. ఫ్యాక్స్ వచ్చింది, మెయిల్ వచ్చింది, ఇప్పుడు వార్త వాట్సాప్‌లో పోతుంది. ఎడిషన్లు పెరిగాయి, డెస్కులో మనుషులు తగ్గారు, ఒక్కో సబ్ఎడిటర్ చేతిలో పేజీలకు పేజీలు. వార్త బాగుంటే పడుతుంది, లేకపోతే పడదు. ఎందుకు పడలేదో అడిగితే "చోటు లేదు" అంటారు. దాంతో విలేకరి ఏళ్లు గడిచినా మొదటి ఏడాది చేసిన తప్పే చేస్తూ ఉంటాడు, పాపం అది తప్పని కూడా తెలియదు.

దీని వల్ల నష్టపోయేది ఎవరో అనంతపురం జిల్లాలో రైతు ఆత్మహత్యల విషయంలో చూడొచ్చు. 2004 జూన్‌లో అప్పటి ప్రభుత్వం జీవో 421 ఇచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50 వేలు అని అప్పట్లో పెట్టింది. ఆర్డీవో నాయకత్వంలో ముగ్గురు సభ్యుల కమిటీ వెళ్లి, అది నిజంగా సాగు అప్పుల వల్లేనా అని తేల్చాలి. పాసుపుస్తకం, అప్పు కాగితాలు, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక ఇవన్నీ చూస్తారు. మరి కౌలు రైతయితే చేతిలో కాగితమే ఉండదు. అలాంటప్పుడు మర్నాటి పేపర్లో ఏముందన్నది చిన్న విషయం కాదు. పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేసి "కుటుంబ కలహాలతో" అని రెండు లైన్లు రాసేస్తే ఆ క్లిప్పింగ్ ఆ కుటుంబానికి అడ్డంకి అయ్యే ప్రమాదముంది. అదే ఊరికి వెళ్లి ఎన్ని ఎకరాలు కౌలుకు తీసుకున్నాడు, ఎన్ని బోర్లు వేశాడు, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడు, వేరుశెనగ ఎన్ని ఏళ్లు వరుసగా పోయింది అని రాస్తే, ఆ ఇంటికి కాగితం లేని చోట ఒక ఆధారం దొరుకుతుంది. ఏం అడగాలో తెలిసిన విలేకరికీ తెలియని విలేకరికీ మధ్య ఒక కుటుంబం బతుకు ఉంది.

అలాగే ఆత్మహత్య వార్త ఎలా రాయాలి అన్నదానికి ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ పద్ధతిలో చనిపోయారో వివరించొద్దు, పెద్ద అక్షరాల్లో సంచలనం చేయొద్దు, సాయం దొరికే ఫోన్ నంబర్లు ఇవ్వండి అని. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, 2012, సెక్షన్ 23 ప్రకారం బాధిత బాలిక పేరే కాదు, బడి, ఇరుగుపొరుగు, కుటుంబ వివరాలు ఇచ్చినా నేరమే. పల్లెటూళ్లో "ఫలానా వీధికి చెందిన ఫలానా కూలీ కూతురు" అని రాస్తే పేరు రాసినట్టే కదా. రాసినవాడు చెడ్డవాడు కాకపోవచ్చు. అతనికెవరూ చెప్పలేదు, అంతే. ఆ పిల్లకు జరిగిన నష్టం మాత్రం మళ్లీ సరికాదు.

ఇక నీళ్లు. సీమలో నీటి లెక్క రాని విలేకరి అసలు వార్తే రాయలేడు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారడం, ఒక టీఎంసీ అంటే సుమారు 11,574 క్యూసెక్కుల నీరు ఇరవైనాలుగు గంటలు పారడం. శ్రీశైలం నీటిని సీమకు మళ్లించే పోతిరెడ్డిపాడును 11 వేల నుంచి 44 వేల క్యూసెక్కులకు పెంచారంటే, నిండుగా పారిన రోజు మూడున్నర టీఎంసీలకు పైనే వస్తుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే నాయకులు చెప్పే అంకెల్లో ఏది అయ్యేది ఏది కానిది అక్కడే తేలిపోతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఎక్కడ ఎంత నీరొస్తోంది అన్నది ప్రాణాల విషయమైంది. ఇంత ముఖ్యమైన పాఠాన్ని ఇరిగేషన్ రిటైర్డు ఇంజినీరు ఒకాయన్ని కూర్చోబెట్టి ఒక పూటలో చెప్పించొచ్చు.

పైసల సంగతి మాట్లాడకుండా శిక్షణ గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. 1955 వర్కింగ్ జర్నలిస్టుల చట్టం రక్షణ ఇచ్చింది ప్రధాన వృత్తి జర్నలిజమే అయినవాళ్లకు. జర్నలిస్టుల జీతాల మీద మజీఠియా వేతన బోర్డు సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. మండల విలేకరి దగ్గరకు మాత్రం ఇవేవీ రాలేదు. అతను ఉద్యోగి కాదు, లైన్ అకౌంట్ మనిషి. అచ్చయిన లైన్లను బట్టి వచ్చే డబ్బు పెట్రోలుకు కూడా చాలదు. పైగా యాడ్ టార్గెట్. 2009 ఎన్నికల్లో డబ్బులకు వార్తలు అమ్ముకున్న తీరు మీద 2010లో పరంజయ్ గుహ ఠాకుర్తా, కె.శ్రీనివాస్ రెడ్డి ప్రెస్ కౌన్సిల్‌కు నివేదిక ఇచ్చినప్పుడు, జీతం లేని ఇలాంటి విలేకరుల (స్ట్రింగర్ల) చేత ప్రకటనలు తెప్పించే పద్ధతి కూడా చర్చకొచ్చింది. పొద్దున ఎవరి దగ్గర యాడ్ అడిగాడో సాయంత్రం అతని మీదే వార్త రాయమంటే, ఎంత శిక్షణ ఇచ్చినా ఏం లాభం? తనవాడు కాదనుకున్న మనిషి మీద ఏ సంస్థా డబ్బు పెట్టి పని నేర్పదు.

నేర్పితే ఏమవుతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. 2001లో చిత్తూరు జిల్లాలో 'నవోదయం' అని ఒక పత్రిక మొదలైంది. పొదుపు సంఘాల ఆడవాళ్లే విలేకరులు, వాళ్లే రాత, వాళ్లే బొమ్మలు. పెద్ద చదువులు లేనివాళ్లకు పక్కన కూర్చుని ఒక్కో వార్త మీద పని నేర్పారు, వాళ్లు నేర్చుకున్నారు. ఇప్పటికీ మన మూడు జిల్లాల్లో మండల విలేకరుల్లో ఆడవాళ్లు కనిపించడమే అరుదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక నంద్యాల, పుట్టపర్తి జిల్లా కేంద్రాలయ్యాయి. నిన్నటిదాకా మండలం రాసినవాళ్లు ఇప్పుడు కలెక్టరేట్, బడ్జెట్లు రాస్తున్నారు. వాళ్లకు ఇంకో శాలువా సభ అక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో రిటైరైన సబ్ఎడిటర్లు, స్టాఫ్ రిపోర్టర్లు చాలామంది ఇళ్లలో ఖాళీగా ఉన్నారు. ఒక్కొక్కరు అయిదారుగురిని తీసుకుని, వారానికొకసారి వాళ్లు పంపిన అసలు కాపీ, పేపర్లో అచ్చయిన కాపీ పక్కపక్కన పెట్టి ఏడాదిపాటు చెప్పగలరు. అలా నేర్పేవాళ్లకు అకాడమీ గౌరవ వేతనం ఇవ్వాలి, యాజమాన్యాలు ఆ ఒక్క పూట విలేకరికి టార్గెట్ లేకుండా సెలవివ్వాలి, ప్రభుత్వం విలేకరికి గుర్తింపు కార్డు (అక్రిడిటేషన్) ఇచ్చేటప్పుడు ఈ ఏడాదిని లెక్కలోకి తీసుకోవాలి. ప్రెస్ క్లబ్బుల్లో గదులు ఇప్పటికే ఉన్నాయి.