రోడ్డు కింద నుంచి బయటపడిన వాగు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో రహదారిని తీసేసిన చోట కొంగలు, చేపలు ఎలా చేరాయో మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ నగరం నడిబొడ్డున చోంగ్యేచోన్ అనే వాగు పారేది. కొరియా యుద్ధం తరువాత దాని గట్ల మీద నిరాశ్రయుల గుడిసెలు వెలిసి, మురుగంతా అందులోకే చేరడంతో, 1958 నుంచి దానిని కాంక్రీటుతో కప్పి పైన రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద స్తంభాలెత్తి కట్టిన ఫ్లైఓవర్ 1976 నాటికి పూర్తయింది. రెండింటి మీదా కలిపి రోజుకు సుమారు 1,68,000 వాహనాలు తిరిగేవి. కాలక్రమంలో ఉక్కు తుప్పుపట్టి వంతెన బలహీనపడింది. మరమ్మతులకు డబ్బు పోయడం కంటే తొలగించడమే మేలని నగరపాలకులు నిశ్చయించి 2003 జూలైలో కూల్చివేత మొదలుపెట్టారు. 2005 అక్టోబరు 1న 5.8 కిలోమీటర్ల వాగును ప్రజలకు తెరిచారు. అక్కడి వీధి వ్యాపారులు మాత్రం తమ చోటు వదిలి వెళ్లవలసి వచ్చింది, ఆ కష్టాన్ని కూడా మనం లెక్కలో వేసుకోవాలి.

ఎగువ భాగంలో రెండు పక్కలా రాతి గోడలే కనుక అక్కడ జీవాలు తక్కువ. దిగువకు వెళ్లేకొద్దీ గట్టు వాలుగా మారి, మన కొల్లేటి కిక్కిసను పోలిన గడ్డి, విల్లో చెట్లు కనిపిస్తాయి. ఆ గడ్డి మొదళ్లలో ప్రవాహం నెమ్మదించి, పురుగులకు, చేపపిల్లలకు చాటు దొరుకుతుంది. వాటి కోసం తెల్ల కొంగ మోకాలి లోతు నీటిలో కదలకుండా నిలబడి, చేప దగ్గరకు రాగానే మెడ చాచి చటుక్కున ముక్కున కరుచుకుంటుంది. 2003కూ 2008కీ మధ్య చేపల రకాలు 4 నుంచి 25కు, పక్షుల రకాలు 6 నుంచి 36కు, మొక్కల రకాలు 62 నుంచి 308కి పెరిగాయని లెక్క తేలింది. వేసవిలో ఆ గట్టు దగ్గర గాలి, కొద్ది దూరంలోని రోడ్డు మీద కంటే 3 నుంచి 6 డిగ్రీల వరకు చల్లగా ఉన్నట్టు కూడా కొలిచారు.

అయితే ఇందులో పారేది చాలావరకు ఎత్తిపోసిన నీరే. హాన్ నది నుంచీ, మెట్రో సొరంగాల్లో ఊరే భూగర్భజలం నుంచీ రోజుకు సుమారు 1,20,000 టన్నుల నీటిని పంపులతో తెచ్చి వదులుతారు. కుండపోత వాన పడితే మురుగు కాలువలు పొంగి వాగులో కలవడం వల్ల చేపలు చచ్చిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఎగువన కొండల నుంచి దిగే అసలు పాయలు ఇంకా చాలావరకు రోడ్ల కిందే ఉన్నాయి కాబట్టి, వాటిని కూడా తెరవాలని అక్కడి పర్యావరణవేత్తలు అడుగుతున్నారు. నాకూ వారి కోరికే సబబుగా తోస్తుంది. కొండ నీరు దానంతటదే దిగివస్తే పంపుల మీద ఆధారపడవలసిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య