అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో ఒక చిన్న డివిజన్ 1 (కాలేజీ ఆటల మూడు అంచెల్లో పైది) కాలేజీలో మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌ని. స్టూడెంట్ మేనేజర్‌గా మొదలుపెట్టి, తర్వాత కొన్నేళ్లు వీడియో గదిలో పనిచేసి ఇక్కడిదాకా వచ్చాను. ఈమధ్య తెలుగు కుటుంబాల నుంచి ఫోన్లు బాగా పెరిగాయి. "అన్నా, మావాడు కోచ్ అవుతానంటున్నాడు, అందులో భవిష్యత్తు ఉంటుందా?" అని ఒకరు అడుగుతారు. "కోట్లలో జీతాలట కదా" అని ఇంకొకరు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలే కాదు, ఎంఎస్‌కు వచ్చి క్యాంపస్ జిమ్‌లో ఈ ఆట మీద మనసు పడ్డ కుర్రాళ్లూ అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఈ వృత్తిలో రోజంతా చేసేది పాఠం చెప్పడం, జీతం ఇచ్చేది మాత్రం గెలుపుకు. ఈ సంగతి ముందే తెలిసి వచ్చినవాళ్లే ఇందులో నిలబడటం చూశాను.

అపోహ: గొప్పగా ఆడినవాడే కోచ్ అవుతాడు.

వాస్తవం: ఆడి ఉంటే మంచిదే, కానీ అదొక్కటే దారి కాదు. బ్రాడ్ స్టీవెన్స్ ఆడింది డీపావ్ అనే డివిజన్ 3 కాలేజీలో. చదువయ్యాక ఇలై లిల్లీ మందుల కంపెనీలో ఉద్యోగం చేశాడు. 2000లో దాన్ని వదిలి, జీతం లేకపోయినా పర్వాలేదని బట్లర్ యూనివర్సిటీ జట్టులో చేరడానికి సిద్ధపడ్డాడు. 2007లో, 30 ఏళ్ల వయసులో అక్కడే హెడ్ కోచ్ అయ్యాడు. 2010, 2011ల్లో వరుసగా రెండుసార్లు ఆ చిన్న కాలేజీని జాతీయ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. రెండూ ఓడిపోయినా 2013లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని బోస్టన్ సెల్టిక్స్ జట్టు పిలిచి కోచ్‌ని చేసింది. డస్టీ మే అయితే ఇండియానా యూనివర్సిటీలో కోచ్ బాబ్ నైట్ దగ్గర స్టూడెంట్ మేనేజర్. 2023లో ఫ్లోరిడా అట్లాంటిక్ జట్టును ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్స్‌కు చేర్చాడు, మరుసటి ఏడాది మిషిగన్ యూనివర్సిటీ అతన్ని కోచ్‌గా తీసుకుంది.

స్టూడెంట్ మేనేజర్ అంటే తువ్వాళ్లు అందించేవాడని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తువ్వాళ్లు నిజమే. ప్రాక్టీసుకు ముందే వెళ్లి నేల తుడవాలి, బంతుల్లో గాలి చూడాలి, కెమెరా పెట్టాలి. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. షూటర్ వేసిన ప్రతి బంతినీ అందుకుని తిరిగి అతనికి ఇవ్వాలి. ఆ పాస్ మోకాళ్ల దగ్గరికి వెళ్తే అతను వంగి తీసుకోవాలి, షాట్ లయ పోతుంది. అతను చేతులు ఎక్కడ పెట్టి ఎదురుచూస్తున్నాడో అక్కడికే వెళ్లాలి, అదీ ప్రతిసారీ. ఇలా కొన్ని వందల పాస్‌లు ఇచ్చిన మేనేజర్‌కు ఒక ఆటగాడి మోచెయ్యి ఎప్పుడు పక్కకు జారుతోందో కోచ్‌కంటే ముందే తెలుస్తుంది. హెడ్ కోచ్‌లు మేనేజర్లలో వెతికేది ఆ కన్నునే.

అపోహ: కోచ్ అయితే కోట్లే.

వాస్తవం: పైన ఉన్నవాళ్లకు నిజం. కనెక్టికట్ యూనివర్సిటీ కోచ్ డాన్ హర్లీ 2023, 2024ల్లో వరుసగా రెండు జాతీయ టైటిళ్లు గెలిచాక ఆరేళ్లకు 5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు అందుకున్నాడు. అదే హర్లీ అంతకుముందు న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతూ కోచింగ్ చేశాడని ఎవరూ గుర్తుచేసుకోరు. ఆ తర్వాత వాగ్నర్, రోడ్ ఐలాండ్ కాలేజీలు దాటి 2018లో కనెక్టికట్ చేరాడు.

డివిజన్ 1లో జట్లు 360కి పైగా ఉన్నాయి, అంటే హెడ్ కోచ్ కుర్చీలూ అన్నే. వాటికింద గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు ఉంటారు. వీళ్లు మాస్టర్స్ చదువుతూ ఫీజు మాఫీకి, కొద్దిపాటి స్టైపెండ్‌కు పనిచేస్తారు. ఆపైన వీడియో కోఆర్డినేటర్, జట్టు ప్రయాణాలు, ఏర్పాట్లు చూసే ఆపరేషన్స్ డైరెక్టర్, చివరికి అసిస్టెంట్ కోచ్. ఒక్కో మెట్టుకు ఒక ఊరు మారడం ఇక్కడ మామూలు. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్పులే ఉండవు, అక్కడ కోచ్‌లు చాలాచోట్ల క్లాసులు చెబుతారు లేదా కాలేజీలో ఇంకో బాధ్యత చూసుకుంటారు. ఇంటి అద్దె, పెళ్లి, పిల్లల బడి లెక్కలన్నీ ఈ మధ్య మెట్ల జీతంతోనే వేసుకోవాలి. ఈ మాట ఫోన్ చేసిన తల్లిదండ్రులకు ముందే చెప్పేస్తాను.

అపోహ: కోచ్ పనంటే టైమౌట్‌లో బోర్డు మీద గీతలు గీయడం, గీత పక్కన నిలబడి అరవడం.

వాస్తవం: మ్యాచ్ 40 నిమిషాలే. పని అంతకుముందే అయిపోతుంది. కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సీజన్లో ఆటగాళ్లతో వారానికి 20 గంటలకు మించి, రోజుకు 4 గంటలకు మించి పని చేయించకూడదు. వారంలో ఒక రోజు పూర్తిగా సెలవివ్వాలి. వీడియో చూపించడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అందుకే వాళ్లకు చెప్పేది వడగట్టి చెప్పాలి.

ఒక ప్రత్యర్థి జట్టు నా వంతుకు వచ్చిందనుకోండి. వాళ్ల చివరి నాలుగైదు మ్యాచ్‌లు మొత్తం చూస్తాను. టైమౌట్ తర్వాత ఏ ఆట ఆడతారు, బుట్ట కింది నుంచి బంతి లోపలికి వేసేటప్పుడు ఎవరికి తెర పడుతుంది (సాటి ఆటగాడు అడ్డు నిలబడి దారి ఇవ్వడం), పిక్ అండ్ రోల్‌లో (తెర వేసినవాడే బుట్టవైపు దూసుకెళ్లే ఆట) వాళ్ల పెద్ద ఆటగాడు వెనక్కి తగ్గుతాడా, ముందుకొచ్చి అడ్డుపడతాడా, ఇవన్నీ ముక్కలుగా కత్తిరించుకుంటాను. గంటల కొద్దీ పోగయిన దాన్ని పది పన్నెండు నిమిషాలకు కుదించాలి, అంతకుమించి చూపిస్తే కుర్రాళ్ల కళ్లు తెరమీద ఉంటాయి కానీ మనసు ఉండదు. చివరికి కాగితం మీద ఒక్కో ఆటగాడి గురించి రెండు ముక్కలే మిగులుతాయి: "ఎడమచేతివాటం. కుడివైపు తోలితే లోపలికి రాడు, ఆగి షాట్ వేస్తాడు. అటే తోలండి." బయటి ఊరైతే హోటల్ హాల్లో కుర్చీలు పక్కకు జరిపి, కార్పెట్ మీద టేపుతో గీతలు అంటించి, బూట్లు కూడా లేకుండా నడుస్తూ ఆ ఆటలు చూపిస్తాం. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైన అరగంట అదే.

లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిచిన జాన్ వుడెన్ సీజన్ మొదట్లో కుర్రాళ్లకు సాక్సు ముడతలు లేకుండా ఎలా తొడుక్కోవాలో నేర్పేవాడు. ముడత ఉంటే బొబ్బ, బొబ్బ ఉంటే ప్రాక్టీసు పోతుంది. కాలేజీ కోచింగ్‌కు ముందు ఆయన హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్. ఆయన కోచింగ్‌లో ఆ టీచరే కనిపిస్తాడు.

అపోహ: నవంబర్ నుంచి మార్చి దాకానే పని.

వాస్తవం: ఏప్రిల్‌లో కొత్త ఆటగాళ్ల వేట, జూన్‌లో క్యాంపులు, జులైలో హైస్కూల్ పిల్లల టోర్నీలు, ఆగస్టు దాటితే మళ్లీ ప్రాక్టీసు. సెలవు దొరికేది ఆగస్టు మొదట్లో కొద్ది రోజులే.

అపోహ: ఒక్కసారి మంచి కుర్రాళ్లను తెచ్చుకుంటే నాలుగేళ్లు నిశ్చింత.

వాస్తవం: ఒకప్పుడు కొంత నిజం. ఇప్పుడు కాదు. 2018 అక్టోబర్‌లో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో, ఒకసారి కాలేజీ మారితే ఏడాది బెంచీ మీద కూర్చోనక్కర్లేదన్నారు. 2024లో, చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనలు చేసి సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది అన్ని ఆటలకూ కలిపి ఒక్కో కాలేజీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. మా వంటి చిన్న కాలేజీలో అంత డబ్బెక్కడిది? రెండేళ్లు కూర్చోబెట్టి షాట్ దిద్దిన కుర్రాడు సగటున 15 పాయింట్లు వేయడం మొదలుపెట్టగానే పెద్ద కాలేజీల చూపు పడుతుంది. మార్చిలో సీజన్ అయ్యేసరికి అతను వెళ్లిపోతాడు.

ఇందులో కుర్రాళ్ల తప్పు ఉందని నేను అనుకోను. కోచ్‌లు కాంట్రాక్టు మధ్యలోనే పెద్ద కాలేజీకి వెళ్లిపోతున్నప్పుడు, ఆటగాడు మాత్రం కదలకూడదనడం అన్యాయం. డబ్బు కూడా వాళ్ల చెమటదే. కానీ పాఠం చెప్పేవాడికి టైం తగ్గిపోయింది, అది నిజం. 2019లో వర్జీనియా యూనివర్సిటీకి టైటిల్ గెలిపించిన కోచ్ టోనీ బెనెట్ 2024 అక్టోబర్‌లో, సీజన్‌కు కొద్ది వారాల ముందు తప్పుకున్నాడు. మారిన పరిస్థితుల్లో ఈ పనికి తాను సరైనవాడిని కాదని కన్నీళ్లతో చెప్పాడు. ఆ రోజు మా ఆఫీసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అపోహ: ఆటగాళ్ల చదువు ఎవరికీ పట్టదు.

వాస్తవం: పట్టకపోతే జట్టే నష్టపోతుంది. ప్రతి జట్టుకూ ఎన్‌సీఏఏ చదువు స్కోరు ఒకటి లెక్క కడుతుంది, అది మరీ తగ్గితే టోర్నమెంటుకు రానివ్వరు. 2011లో టైటిల్ గెలిచిన కనెక్టికట్‌ను ఈ కారణంతోనే 2013 టోర్నమెంటుకు దూరం పెట్టారు. మరుసటి ఏడాది తిరిగొచ్చి మళ్లీ టైటిల్ గెలిచారు. అందుకే ఎవడు క్లాసుకు వెళ్లాడో, ఎవడు అసైన్‌మెంట్ ఇవ్వలేదో చూసుకోవడం అసిస్టెంట్ కోచ్ పనిలో భాగం. పొద్దున్నే ట్యూటర్‌తో మాట్లాడకుండా నేను ప్రాక్టీసు ప్లాన్ తెరవను.

అపోహ: గెలుపోటముల పట్టిక చూస్తే కోచ్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ పట్టిక ఎలా తయారవుతుందో తెలిస్తే అలా అనరు. నవంబర్, డిసెంబర్‌లలో చిన్న కాలేజీలు పెద్ద కాలేజీల కోర్టుకు వెళ్లి డబ్బు కోసం ఆడతాయి. ఒక్కో మ్యాచ్‌కు లక్ష డాలర్ల దాకా వస్తుంది. ఆ డబ్బుతో క్రీడా విభాగం ఖర్చులు గడుస్తాయి, ఓటమి మాత్రం కోచ్ పేరు మీద పడుతుంది.

పేరుమోసిన కోచ్ మైక్ షషెవ్‌స్కీ డ్యూక్ యూనివర్సిటీలో మొదటి మూడు సీజన్లలో గెలిచింది 38, ఓడింది 47. అతన్ని తీసేయాలని గొడవ చేసినా కాలేజీ ఓపిక పట్టింది. అతను 2022లో తప్పుకునేసరికి మొత్తం 1,202 విజయాలు, ఐదు టైటిళ్లు. వుడెన్‌కు యూసీఎల్‌ఏలో మొదటి టైటిల్ 16వ సీజన్‌లో వచ్చింది. ఇవాళ అంతకాలం ఆగే కాలేజీ ఉందంటే నేను నమ్మను. 2023 మార్చిలో ఫెయిర్లీ డికిన్సన్ అనే చిన్న జట్టు జాతీయ టోర్నమెంటుకు 16వ సీడ్‌గా (బలాన్ని బట్టి ఇచ్చే వరుసలో అడుగున) వచ్చి ఒకటో సీడ్ పర్డ్యూ యూనివర్సిటీని 63-58తో ఓడించింది. దాని కోచ్ టోబిన్ ఆండర్సన్ ఏడాది ముందువరకూ డివిజన్ 2లో ఉన్నాడు. ఆ గెలుపుతో కొద్ది రోజుల్లోనే అయోనా యూనివర్సిటీలో పెద్ద ఉద్యోగం వచ్చింది. రెండు సీజన్లు తిరిగేసరికి ఆ ఉద్యోగం పోయింది. ఒక్క రాత్రిలో అతను గొప్ప కోచ్ కాలేదు, రెండేళ్లలో చెడ్డ కోచ్ కూడా కాలేదు. అతని దగ్గర ఉన్న ఆటగాళ్లు మారారు.

అపోహ: మనవాళ్లకు ఇందులో చోటు లేదు.

వాస్తవం: తక్కువమంది ఉన్నారు, కానీ తలుపు మూసి లేదు. ఇప్పుడు ప్రతి జట్టుకూ వీడియో ముక్కలు చేసేవాళ్లు, డేటా చూసేవాళ్లు కావాలి. ఏ ఇద్దరు కలిసి కోర్టులో ఉంటే జట్టు ప్రత్యర్థికి ఎన్ని పాయింట్లు ఎక్కువ ఇస్తోందో లెక్కగట్టి, దాన్ని కోచ్‌కు అర్థమయ్యే రెండు వాక్యాల్లో చెప్పగలిగితే ఏ జట్టయినా కూర్చోబెట్టి మాట్లాడుతుంది. డేటా సైన్స్ చదువుతున్న కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే. సీజన్ మొదలయ్యాక వెళ్లొద్దు, అప్పుడు ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. మే నెలలో మీ కాలేజీ జట్టు ఆపరేషన్స్ డైరెక్టర్‌కు చిన్న ఈమెయిల్ రాయండి. "నాకు ఆటంటే ప్రాణం" అని రాయొద్దు, అందరూ అదే రాస్తారు. వాళ్ల గత సీజన్‌లోంచి ఒక మ్యాచ్ తీసుకుని, మీరు గమనించినది ఒక పేజీలో పెట్టి పంపండి. జూన్ క్యాంపులో చిన్నపిల్లలకు బంతులు అందించడానికి వస్తానని చెప్పండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, జట్టు పనికి ఆ గడియారం తెలియదు. అందుకే చేరేముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు వెళ్లి, జీతం ఉన్నా లేకపోయినా, ఈ పనిని ఎలా లెక్కవేస్తారో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.