పాచి గార కాకముందే: ఇంట్లో కుక్క పళ్ళ సంరక్షణ

కుక్క నోరన్నాక కంపు కొట్టక మానుతుందా అని చాలా ఇళ్ళలో సరిపెట్టుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోటి నుంచి తిన్న తిండి వాసన కాస్త వస్తుంది, అంతే. అది దగ్గరికి రాగానే మనం తల తిప్పుకోవాల్సి వస్తోందంటే, చిగుళ్ళ అంచున చేరిన సూక్ష్మజీవులు మాంసకృత్తులను కుళ్ళబెట్టి గంధకం కలిసిన వాయువులు వదులుతున్నాయన్నమాట. మూడేళ్ళ వయసుకే ఎక్కువ కుక్కల్లో చిగుళ్ళ జబ్బు ఏదో ఒక దశలో ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఎక్కువమంది పెంచే పొమేరియన్లకు, ఈమధ్య బాగా కనిపిస్తున్న షిట్జూ, పగ్ జాతులకు ఈ బెడద మరీ ఎక్కువ. లాబ్రడార్‌కైనా, ఒళ్ళో పట్టే పొమేరియన్‌కైనా పళ్ళు 42. ఆ చిన్న దవడలో అన్నీ ఇరుక్కుని, ఒకదాని మీదకొకటి ఒరిగి, సందుల్లో తిండి నిలవడానికి చోటిస్తాయి.

మనుషుల పళ్ళు పుచ్చినంతగా కుక్క పళ్ళు పుచ్చవు. మన లాలాజలం దాదాపు తటస్థంగా ఉంటే కుక్క లాలాజలం క్షారం వైపు ఉంటుంది. పిండిపదార్థాన్ని నోట్లోనే చక్కెరగా మార్చే ఎంజైమ్ కూడా అందులో ఉందా లేదా అన్నంత తక్కువ. అందుకే పంటిని తొలిచే ఆమ్లం అంత సులువుగా తయారు కాదు. అయితే ఆ క్షారగుణమే ఇంకో చిక్కు తెస్తుంది. లాలాజలంలోని కాల్షియం లవణాలు పంటి మీది పాచిలోకి త్వరగా దిగి గట్టిపడతాయి.

శుభ్రం చేసిన పంటి మీద కొన్ని గంటల్లోనే మళ్ళీ పాచి పొర మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో అందులో లవణాలు చేరి గార కట్టడం మొదలవుతుంది. పాచి మెత్తన, బ్రష్‌తో పోతుంది. గార రాయిలా గట్టిది, ఏ బ్రష్‌కీ లొంగదు. దాని గరుకు ఉపరితలం మీద కొత్త పాచి ఇంకా సులువుగా పట్టుకుంటుంది. ఇంట్లో మనం చేయగలిగినదంతా ఈ రెండు మూడు రోజుల గడువులోపే. ఆదివారం ఆదివారం తీరిగ్గా పావుగంటసేపు తోమితే లాభం బహు తక్కువ, రోజూ ఒక్క నిమిషం తోమితే చాలా ఎక్కువ. రోజూ వీలుకానివాళ్ళు కనీసం రోజు విడిచి రోజైనా తోమాలి.

కావలసినవి ఎక్కువేం లేవు. పెద్ద కుక్కకు మెత్తటి కుచ్చున్న మామూలు బ్రష్, చిన్నదానికి పసిపిల్లల బ్రష్ సరిపోతుంది. వేలికి తొడుక్కునే రబ్బరు బ్రష్ అలవాటు చేయడానికి బాగుంటుంది కానీ చిగురు అంచు కిందికి చేరదు. పేస్టు మాత్రం కుక్కల కోసం చేసినదే వాడాలి. పెంపుడు జంతువుల సామాను అమ్మే షాపుల్లో కోడిమాంసం రుచితో దొరుకుతుంది. అది లేకపోతే ఒట్టి నీళ్ళతో తోమినా ఫలితం ఉంటుంది. పాచిని వదిలించేది బ్రష్ రాపిడే, పేస్టు కుక్కను ఒప్పించడానికి పనికొచ్చే రుచి మాత్రమే.

మనం వాడే పేస్టు ఎందుకు వద్దంటే, కుక్కకు పుక్కిలించి ఉమ్మడం రాదు, పెట్టిందంతా మింగేస్తుంది. రోజూ కడుపులోకి వెళ్ళే నురగ పదార్థం, ఫ్లోరైడ్ వాంతులు తెస్తాయి. కొన్ని పేస్టుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ ఇంకా ప్రమాదం. అది లోపలికి వెళ్ళగానే కుక్క శరీరం ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేస్తుంది, రక్తంలో చక్కెర దభాలున పడిపోతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు, అంటే పది కిలోల కుక్కకు ఒక గ్రాము. ఆ పైన మోతాదు పెరిగితే కాలేయం దెబ్బతింటుంది. జైలిటాల్ ఉన్న పేస్టు కుక్క కొరికేస్తే తూలడం, వణకడం, ఫిట్స్ మొదలయ్యేదాకా ఆగకుండా ట్యూబు చేతపట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఉప్పు, వంట సోడా, పళ్ళపొడి, బూడిద, బొగ్గుపొడి కూడా వద్దు. మొదటి రెండింటితో ఒంట్లోకి సోడియం మితిమీరి చేరుతుంది, మిగతావి ఎనామిల్‌ను గీరేస్తాయి. కుక్క పంటి ఎనామిల్ చాలాచోట్ల ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, మన పంటి ఎనామిల్‌తో పోలిస్తే బాగా పల్చన. లవంగ నూనె పూయడం ఇంకో అలవాటు. అది నోరు మండించడమే కాక ఎక్కువైతే కాలేయానికి చేటు.

తోమడం ఎవరికైనా వస్తుంది. తోమించుకోవడం కుక్కకు నేర్పడమే అసలు పని, దానికి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. మొదటి నాలుగైదు రోజులు బ్రష్ ఊసే వద్దు. సాయంత్రం తిండి తిన్నాక, అది నెమ్మదిగా ఉన్న వేళ పక్కన కూర్చుని బుగ్గలు నిమిరి, పై పెదవి ఒకసారి ఎత్తి వదిలేయాలి. వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క గోరంత పెట్టాలి. ఎండుచేప పెట్టకండి, ఉప్పెక్కువ. తరువాతి వారం చూపుడు వేలికి పల్చటి నూలు గుడ్డ చుట్టి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయని కోడి ఉడికించిన నీళ్ళలో ముంచి, పళ్ళ బయటివైపు మెల్లగా రుద్దాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి, కూర కోసం చేసిన పులుసు వాడకూడదు. ఆ తరువాతే బ్రష్. మొదటిరోజు దాని మీది పేస్టు నాకనిస్తే చాలు. ఏ రోజైనా అది మూతి వెనక్కి లాక్కుంటే అక్కడితో ఆపి మర్నాడు ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టాలి. ఇద్దరు కలిసి గట్టిగా అదిమిపట్టి తోమితే ఆ ఒక్కరోజు పని జరుగుతుంది, రేపటినుంచి బ్రష్ చూడగానే మంచం కింద దూరుతుంది.

కుక్కకు ఎదురుగా నిలబడి మీదికి వంగకూడదు, భయపడుతుంది. పక్కన గానీ వెనక గానీ కూర్చుని దాని వీపును మన ఒంటికి ఆనించుకోవాలి. నోరు తెరిపించనక్కర్లేదు. మూసిన నోటి మీదే ఒక చేత్తో పెదవి మూలను పైకీ వెనక్కీ లాగితే దవడ పళ్ళు బయటపడతాయి. బఠాణీ గింజంత పేస్టును కుచ్చులోకి వేలితో అదమాలి, పైపైన పెడితే మొదటి క్షణంలోనే నాకేస్తుంది. బ్రష్‌ను చిగురు వైపు 45 డిగ్రీలు వంచి, కుచ్చు కొసలు చిగురూ పన్నూ కలిసే గీత మీద ఆనేలా పట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. ఒక్కో వైపు 30 సెకన్లు చాలు.

ముందుగా పై దవడ వెనకభాగంలో ఉన్న అన్నింటికన్నా పెద్ద పన్ను తోమాలి. లాలాజల గ్రంథి నాళం ఒకటి సరిగ్గా దానికి ఎదురుగా బుగ్గలో తెరుచుకుంటుంది, అందుకే గార అన్నిటికన్నా ముందు అక్కడే కడుతుంది. కుక్క ఓపిక మొదటి అరనిమిషమే కాబట్టి దాన్ని ఆ పంటి మీదే ఖర్చుపెట్టడం మంచిది. తరువాత కోరపళ్ళు, చివర్న ముందుపళ్ళు. లోపలివైపు నాలుక రాపిడితో కొంత శుభ్రపడుతుంది. అది ఒప్పుకుంటే తోమండి, ఒప్పుకోకపోతే దానికోసం పేచీ పెట్టుకోవద్దు.

మొదటి రోజుల్లో కుచ్చుకు గులాబీ రంగు అంటితే భయపడి మానేస్తారు. అది చిగుళ్ళ వాపు తొలిదశ. మెత్తగా రోజూ తోముతుంటే ఒకటి రెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది, చిగురు పూర్తిగా కోలుకుంటుంది. రక్తం ధారగా వచ్చినా, చీము కనిపించినా, ముట్టుకోగానే కుయ్యిమన్నా ఆపేసి డాక్టర్‌కు చూపించాలి. పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలైతే ఆ నష్టం తిరిగి పూడదు.

కుక్కపిల్లలకు పాలపళ్ళు 28. నాలుగో నెల దగ్గర్లో అవి ఊడడం మొదలై ఏడో నెలకల్లా కొత్తవి వచ్చేస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ళు సలుపుతుంటాయి, వేలితో తాకి అలవాటు చేస్తే చాలు. ఏడో నెల దాటినా కొత్త కోరపన్ను పక్కనే సూదిలాంటి పాల కోర మిగిలిపోతే (పొమేరియన్లలో ఇది తరచూ చూస్తాం) దాన్ని డాక్టర్‌తో తీయించాలి. రెండింటి సందులో వెంట్రుకలు, మెతుకులు ఇరుక్కుని చిగురు పుండవుతుంది.

బొమికలు కొరికితే పళ్ళు శుభ్రపడతాయన్న నమ్మకం మనవైపు బలంగా ఉంది. కొరుకుడు రాపిడికి పైపైన గార కొంత రాలే మాట నిజమే. పగిలే పళ్ళతో పోల్చుకుంటే ఆ లాభం చాలా చిన్నది. పై దవడ పెద్ద పన్ను బొమిక మీద కత్తెరలా పనిచేస్తుంది, బలం తప్పితే దాని బయటి పలక ఊడివస్తుంది. లోపలి నరం బయటపడి, వేరుదాకా చీము చేరి, కొన్ని నెలలకు కంటి కింద వాపుగా తేలుతుంది. కంటి జబ్బనుకుని చుక్కలమందు వేస్తూ రోజులు గడుపుతారు. ఉడికిన బొమిక ముక్కలు పెళుసుగా విరిగి పేగును చీలుస్తాయి. తాటిటెంకలు, కొబ్బరి చిప్పలు కూడా పంటికి మించిన గట్టివే. మామిడిటెంక జారి గొంతులోకి పోతే పేగులో అడ్డంపడుతుంది. కొరకడానికి ఇచ్చే ఏ వస్తువైనా బొటనవేలి గోటితో నొక్కితే కాస్తయినా గోరు దిగాలి. కళింగపట్నం, బారువ లాంటి తీరాల్లో ఇసుక అంటిన బంతిని రోజూ నమిలే కుక్కల పళ్ళు గరుకు కాగితంతో రుద్దినట్టు అరిగిపోతాయి. బంతి కడిగి ఇవ్వండి, ఆట అయ్యాక తీసేయండి.

పెరుగన్నం బదులు గట్టి గుళికల తిండి పెడితే పళ్ళు వాటంతటవే శుభ్రమవుతాయనీ అనుకోవద్దు. మామూలు గుళిక పంటి కొస తగలగానే పొడవుతుంది, చిగురు దాకా రాదు. పళ్ళ కోసమే ప్రత్యేకంగా చేసినవి వేరు, వాటిలో పీచు అల్లిక పన్ను లోతుగా దిగేదాకా విరగకుండా నిలుస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం ఎవరూ దాటవేయకూడదు. కుక్క ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, కింది దవడ వేలాడేస్తూ, మింగలేకపోతుంటే గొంతులో బొమిక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టేస్తారు. నిజంగానే బొమిక పై దవడ పళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కోవచ్చు, అప్పుడు ముందుకాళ్ళతో మూతిని పదేపదే గీరుకుంటుంది. కానీ రేబీస్ కూడా ఇలాగే కనిపిస్తుంది. ముఖ్యంగా టీకా వేయించని కుక్కైతే చెయ్యి పెట్టకుండా పశువైద్యుడిని పిలవాలి. చొంగ గీతలున్న చేతికి తగిలితే సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రోజూ పళ్ళు తోమే కుక్కకు ఏటా రేబీస్ టీకా తప్పనిసరి.

కుక్క పంటినొప్పిని బయటికి చెప్పదు, తింటూనే ఉంటుంది. ఒకవైపే నమలడం, మెతుకులు జారవిడవడం, ఒక ముక్కులోంచే చీమిడి, చొంగలో రక్తపు చార చూస్తే అనుమానించాలి. నొప్పి తగ్గుతుందని మన ఇంట్లో ఉన్న ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ మాత్రలు వేయకండి, కడుపులో పుండ్లు పడి మూత్రపిండాలో కాలేయమో దెబ్బతింటాయి.

కట్టిన గారను గోళ్ళతో, చాకు మొనతో గీకడం కూడా అలాంటి పనే. పైకి తెల్లబడుతుంది, చిగురు కింద ఉన్నది అలాగే ఉండి జబ్బును పెంచుతుంది. దాన్ని మత్తు ఇచ్చి, చిగురు అడుగుదాకా తీసి, గీతలు పోయేలా పాలిష్ చేయాలి. మత్తుకు ముందు రక్తపరీక్ష అడగండి, పెద్ద వయసు కుక్కకు అది మరీ అవసరం. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో ఆ సదుపాయం లేకపోతే గరివిడి పశువైద్య కళాశాలలో విచారించవచ్చు, లేదా విశాఖపట్నం వెళ్ళాలి. ఇలా గార తీయించిన (స్కేలింగ్) రోజే కొత్త పాచి మొదలవుతుంది కాబట్టి, మళ్ళీ ఎన్నో రోజునుంచి బ్రష్ పట్టవచ్చో అక్కడే అడిగి రండి. పళ్ళు ఏమీ పీకకపోతే సాధారణంగా కొద్ది రోజుల్లోనే మొదలుపెట్టమంటారు. పీకితే కుట్లు మానేదాకా ఆ చోటు వదిలి మిగతావి తోముకోవచ్చు.