ఇంటాయనకు జైలు తప్పేలా లేదా? ఇంటి లెక్కలపై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం గాజువాకలో నాకు చిన్న ఆఫీసు ఉంది. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, లోన్ ఫైళ్లు, బ్యాంకు కాగితాలు నా పని. లాయర్ని కాను. కానీ కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలను లాయర్లే నా దగ్గరికి పంపుతుంటారు. కోర్టు సంగతి వాళ్లు చూస్తారు గానీ, ఐదో తారీఖున ఈఎంఐ ఎవరు కడతారన్నది వాళ్ల ఫైల్లో ఉండదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది భార్యలు. అప్పుడప్పుడు భర్తలూ వస్తారు, అప్పుడు కేసు ఆవిడ మీద ఉంటుంది. స్త్రీలకే అని చెప్పినవి తప్ప కింద రాసినవి ఇద్దరికీ వర్తిస్తాయి.

కేసు పెట్టిన రోజుకీ తీర్పు రోజుకీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. బెయిల్ మీదున్న మనిషి ఇంట్లోనే ఉంటాడు, బ్యాంకుకి రాగలడు, సంతకం పెట్టగలడు. ఆ టైమంతా ఆస్తులు ఎలా దాచాలా అన్న ఆలోచనలోనే కరిగిపోతుంది. సంతకాలూ ఫోన్ నంబర్లూ సర్దుకోవాలని మాత్రం ఎవరికీ తట్టదు.

అపోహ: "ఇల్లు, స్థలం భార్య పేర రాసేస్తే ఎవరూ ముట్టుకోలేరు"

నా కుర్చీ ముందు కూర్చున్న ప్రతివాళ్లూ ముందు అడిగేది ఇదే. ఎవరో బావమరిదో, ఎదురింటాయనో సలహా ఇచ్చి పంపిస్తారు.

వాస్తవం: అప్పులవాళ్లకు ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదిలీ చేస్తే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 కింద ఆ అప్పులవాళ్లు కోర్టుకెళ్లి దాన్ని రద్దు చేయించవచ్చు. నేరం ద్వారా వచ్చిన డబ్బుతో కొన్నదైతే అది ఎవరి పేర ఉన్నా జప్తు చేయడానికి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 107 ఉంది. ఇంటి అద్దె భార్య ఖాతాలో పడినా, ఇల్లు ఊరికే రాసిచ్చిందైతే ఆ ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. స్టాంపు ఖర్చు దండగ. పైగా కేసు నడుస్తుండగా హడావుడిగా రాసిన గిఫ్ట్ డీడ్‌ని అవతలి లాయర్ కోర్టులో పైకెత్తి చూపిస్తాడు. ఏమీ లేనివాడికి ఈ తొందరెందుకు అంటాడు. నన్నడిగితే దీన్ని మించిన తెలివితక్కువ పని లేదు.

దానికి బదులు, ఆవిడది నిజంగా ఏదో దానికి కాగితాలు సిద్ధం చేసుకోండి. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి, పెళ్లిలో పెట్టిన బంగారం, ఆవిడ జీతంతో వేసిన ఎఫ్‌డీ, ఇవన్నీ ఆవిడ సొంతం. బంగారం బిల్లులు పోతే పెళ్లి ఫొటోలైనా ఒక ఫైల్లో పెట్టండి. ఆ పసుపు కుంకుమ భూమి పత్రం సర్టిఫైడ్ కాపీ తీయించండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సివిల్ కోర్టు డిక్రీతో, అంటే బాకీ కట్టమన్న తీర్పుతో జప్తుకి వచ్చినా, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం కొన్నింటిని తాకకూడదు. అప్పు పడ్డవాడివీ, అతని భార్యాబిడ్డలవీ కట్టుబట్టలు, వంటగిన్నెలు, మంచాలు, పక్కబట్టలు ఆ జాబితాలో ఉన్నాయి. మత ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని నగలూ అందులోనే ఉన్నాయి, అంటే మన మంగళసూత్రాలు. అతని జీవిత బీమా సొమ్ముకీ రక్షణ ఉంది. రికవరీకి వచ్చినవాడు "మెళ్లోది తీసివ్వు" అంటే ఆ మాటకు చట్టంలో చోటు లేదు.

అపోహ: "ఆయన అప్పులన్నీ ఇక ఆవిడ నెత్తినే"

వాస్తవం: పెళ్లి చేసుకున్నంత మాత్రాన అప్పు అంటుకోదు. లోన్ కాగితంలో ఆవిడ కో-అప్లికెంట్‌గానో, గ్యారంటర్‌గానో సంతకం పెట్టిందా అన్నదే ప్రశ్న. పర్సనల్ లోన్‌లో, క్రెడిట్ కార్డులో సంతకం లేకపోతే ఆవిడ సొంత డబ్బులోంచి కట్టాల్సిన పని లేదు. మన దగ్గర హోమ్ లోన్‌లో మాత్రం ఆవిడ పేరు దాదాపు ఉండనే ఉంటుంది. అక్కడ సగం కాదు, మొత్తం బాధ్యత ఆవిడదీ. సిబిల్ స్కోరూ ఇద్దరిదీ పడుతుంది.

ఈఎంఐ 90 రోజులు దాటి ఆగితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది. తర్వాత, తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. బ్యాంకు మేనేజర్‌ని కలవాల్సింది నోటీసు వచ్చాక కాదు, మొదటి ఈఎంఐ తప్పకముందే. గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఇస్తారని గ్యారంటీ లేదు గానీ, ముందే అడిగినవాళ్లతో మాట తీరు వేరుగా ఉంటుంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ నిబంధన. చేస్తే కాల్ రికార్డు పెట్టి బ్యాంకుకే ఫిర్యాదు చేయండి.

"డబ్బు కట్టకపోతే నిన్నూ లోపలేయిస్తా" అని బెదిరించేవాళ్లు ఉంటారు. డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని అరెస్టు చేయడానికి వీల్లేదు, పైన చెప్పిన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే సెక్షన్ 56 అది. ఆవిడ సొంత చెక్కు బౌన్స్ అయితే అది వేరే కథ. అందుకే ఈ రోజుల్లో ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి.

అపోహ: "ఏటీఎం కార్డు, పిన్ నా దగ్గరే ఉన్నాయి, ఇంకేం కావాలి?"

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఇళ్లు నిజంగా స్తంభించేది ఇక్కడే.

వాస్తవం: అరెస్టు రోజున పోలీసులు తరచుగా ఫోన్ కూడా స్వాధీనం చేసుకుంటారు. ఓటీపీలన్నీ ఆ ఫోన్‌కే. కూర్మన్నపాలెం నుంచి వచ్చినావిడ నా టేబుల్ మీద కాగితాలు పరిచి ఒక్కొక్కటీ చూపించింది. గ్యాస్ బుకింగ్ ఆయన నంబరు మీద. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు ఆయన యూపీఐలో ఆటోపే. పిల్లాడి స్కూల్ ఫీజు యాప్ లాగిన్ ఆయనది. ఇంటి ఓనర్‌కి అద్దె వెళ్లేదీ ఆ ఫోన్‌లోంచే. సిమ్ ఆయన పేర ఉంది కాబట్టి డూప్లికేట్ ఆవిడకివ్వరు. కార్డుతో నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. నిజానికి వేరేవాళ్ల కార్డు వాడటం బ్యాంకు షరతులకు విరుద్ధం, ఏదైనా తేడా వస్తే బ్యాంకు చేతులెత్తేస్తుంది. తర్వాత ఆ ఖాతానే ఫ్రీజ్ అయింది. అందులోంచే లోన్ ఆటో డెబిట్, ప్రతి బౌన్స్‌కీ ఛార్జీ.

"ఏటి సార్, నామినీ నేనే కదా! నాకెందుకివ్వరు?" అని అడిగింది. ఖాతాదారు బతికుండగా నామినీకి ఏ హక్కూ లేదమ్మా అని చెప్పాల్సొచ్చింది.

మనిషి ఇంట్లో ఉండగానే చేయాల్సినవి ఇవి. గ్యాస్, కరెంటు, స్కూలు, ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ అన్నింట్లో ఆవిడ నంబరు ఎక్కించండి. ఒక జాయింట్ ఖాతా 'ఈదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరి సంతకమైనా చాలేలా ఉండాలి. 'జాయింట్లీ' అని రాసి ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి, అప్పుడది ఉన్నా లేనట్టే. ఆయన ఒక్కడి పేర ఉన్న ఖాతాకి బ్యాంకులో మ్యాండేట్ లెటర్, అంటే ఆ ఖాతాని ఆవిడ నడపొచ్చన్న అనుమతి పత్రం ఇప్పించండి. ఈఎంఐ ఆటో డెబిట్‌ని ఆవిడ ఖాతాకి మార్పించండి. ఆవిడ జీతం, కుట్టుపని డబ్బు, డ్వాక్రా పొదుపు మాత్రం ఆవిడ ఒక్కదాని ఖాతాలోనే ఉండాలి. అనుమానం ఉంటే పోలీసులు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 106 కింద జాయింట్ ఖాతానూ ఆపగలరు. ఆపితే ఆవిడ తన జీతం స్లిప్పులతో మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేసుకోవచ్చు. కానీ అది తేలేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలిగా.

అపోహ: "బెయిల్ అంటే లక్షలు కోర్టులో కట్టాలి"

వాస్తవం: సాధారణంగా కట్టేది బాండు, డబ్బు కాదు. ష్యూరిటీగా వచ్చినవాళ్లు ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో చూపించి పూచీ పడతారు. నిందితుడు వాయిదాలకి రాకపోతేనే ఆ సొమ్ము మీదికొస్తుంది. నగదు డిపాజిట్ అడిగే సందర్భాలూ ఉన్నాయి, ఆర్డర్ కాపీ చదివించుకోండి. కోర్టు బయట ష్యూరిటీలు అమ్మేవాళ్ల జోలికి వెళ్లొద్దు. స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి.

అపోహ: "జైలు శిక్ష అనుభవిస్తే చెక్కు బాకీ చెల్లిపోతుంది"

వాస్తవం: చెల్లదు. చెక్ బౌన్స్ కేసులో రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. బాకీ ఇచ్చినవాడికి కట్టమని కోర్టు చెప్పిన పరిహారం కట్టనందుకు అదనపు జైలు అనుభవించినా పరిహారం వసూలుకి దారి మిగిలే ఉంటుంది. అప్పీలుకి వెళ్తే పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని కోర్టు చెప్పవచ్చు. కాబట్టి తీర్పు దగ్గరపడుతుంటే ఆ 20 శాతం ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూసుకోండి. ఈ కేసుల్లో రాజీకి ఎప్పుడైనా వీలుంది. నా అనుభవంలో లాయరు ఫీజులకీ వాయిదాలకీ పెట్టిన దానికంటే మొదట్లో కుదిరే రాజీయే చవక.

అదే డబ్బు కోసం నూటికి ఐదు వడ్డీకి తెచ్చేవాళ్లున్నారు. నూటికి ఐదంటే ఏడాదికి 60 శాతం. డ్వాక్రా గ్రూపు అప్పు, లేదా బ్యాంకులో బంగారం లోను దానికంటే ఎన్నో రెట్లు మేలు. నడుస్తున్న చీటీ ఉంటే, రిజిస్టర్డ్ కంపెనీదై ఇంకా పాడుకోనిదైతే, రాతపూర్వకంగా ఆవిడ పేరుకి మార్పించుకోండి. వీధిలో నడిపే చీటీకి ఈ రక్షణేమీ లేదు.

అపోహ: "అరెస్టయితే జీతం మొత్తం ఆగిపోతుంది"

వాస్తవం: ప్రైవేటు ఉద్యోగమైతే చాలావరకు నిజమే. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క, కానీ సస్పెన్షన్‌లో జీవనభృతి ఉంటుంది. డాక్‌యార్డు లాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అది మొదట అర్ధజీతపు సెలవు జీతంతో సమానం, దానిపై డీఏ కూడా. వేరే ఉద్యోగం చేయడం లేదని సర్టిఫికెట్ ఇవ్వకపోతే అదీ ఆగుతుంది. లోపలున్న మనిషి సంతకం కావాల్సిన కాగితమే అది. కో-ఆపరేటివ్ సొసైటీ అప్పు ఇందులోంచి కోయాలంటే ఉద్యోగి రాతపూర్వక సమ్మతి కావాలి. పోర్టు, స్టీల్‌ప్లాంట్ వంటి సంస్థలకు సొంత నిబంధనలు ఉన్నాయి, పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో అడగండి.

ఎల్ఐసీ ప్రీమియం ఎవరైనా కట్టొచ్చు, ఆయనే కట్టాలనేం లేదు. నెలవారీదైతే గడువు దాటాక 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు గ్రేస్.

అపోహ: "లోపలికెళ్లాక ఇక సంతకం కుదరదు"

వాస్తవం: కుదురుతుంది, ఆలస్యమవుతుంది. తన బదులు సంతకం పెట్టే అధికారం ఇంకొకరికిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కోసం జైల్లో ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి రావాల్సిన పని లేదని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 చెబుతుంది. సబ్ రిజిస్ట్రారే జైలుకి వెళ్లవచ్చు, లేదా కమిషన్ పంపవచ్చు. అడవివరం సెంట్రల్ జైల్లో ఉన్నాయన సంతకం కావాలంటే లాయర్ ద్వారా సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టుకోవాలి, కేసుని బట్టి కోర్టు అనుమతి కూడా అడగొచ్చు. ముందే చేయించుకుంటే ఇదంతా ఒక్కపూట పని. రిటర్న్ వేయడానికి, బ్యాంకు పనులకి, చీటీకి, ఇంటి అద్దె ఒప్పందానికి ఏయే అధికారాలు కావాలో విడివిడిగా రాయించండి. 'అన్ని పనులకూ' అన్న ఒక్క ముక్కతో బ్యాంకులు ఒప్పుకోవు. నోటరీ కాగితం బ్యాంకుకి సరిపోవచ్చు గానీ స్థలం రిజిస్ట్రేషన్‌కి సరిపోదు. డ్రాఫ్టు రాయించే ముందే దాన్ని మీ బ్రాంచిలో చూపించి, ఈ మాటలు చాలా అని అడగండి.