చిట్టి ప్రాణులకు నొప్పి మందు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో పశువుల డాక్టరంటే మొన్నటిదాకా గేదెలు, గొర్రెలు, తర్వాత కుక్కలూ పిల్లులూ. ఇప్పుడు వీటి మధ్యలోకి హ్యామ్‌స్టర్లు, గినీ పిగ్‌లు, తెల్ల ఎలుకలు కూడా వచ్చి చేరాయి. పిల్లలు అడిగారని కొనిచ్చిన ఇళ్లే ఎక్కువ. దానికి కాలు విరిగినా, పన్ను పోటు వచ్చినా ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో తెలీక, ముందు పొగతోట వైపు మందుల షాపుకి పోతారు. నా టేబుల్ మీదికి వచ్చేసరికి దాని కడుపులో ఏ మందు ఎంత పడిందో చెప్పగలిగినవాళ్లు ఉండరు. నొప్పి మందులు చెడ్డవని నేను అనడం లేదు, నేనూ రాస్తాను. కొలత లేకుండా వెయ్యడంతోనే నా తగాదా.

అపోహ: "ఏంది సార్, ఎలక్కి నొప్పి మందా? అది అరవను కూడా లేదే!"

వాస్తవం: అరిచేదాకా ఆగితే చేతులు దాటిపోతుంది. పిల్లికీ పాముకీ గద్దకీ ఆహారమయ్యే జాతులివి. బాధ బయటపెడితే ప్రాణం పోతుందని వాటి ఒంటికి తెలుసు. పైగా ఎలుకలు భయంతో, బాధతో చేసే శబ్దాల్లో చాలావరకు 22 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది.

చూడాల్సింది ముఖం. 2010లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు చిట్టెలుక ముఖాన్ని బట్టి నొప్పిని అంచనా వేసే పద్ధతి ప్రచురించారు. మరుసటి ఏడాది పెద్ద ఎలుకలకీ అలాంటిదే వచ్చింది. నొప్పి ఉన్న ఎలుక కళ్లు సగం మూసుకుంటుంది, ముక్కూ బుగ్గలూ చదునుగా అయిపోతాయి, చెవులు ముడుచుకుని పక్కకి తిరుగుతాయి, మీసాలు బిగుసుకుంటాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వీపు గూనిగా పెట్టి మూల కూర్చుంటుంది. తెల్ల ఎలుక కంటి చుట్టూ ఎర్రటి చారలు కనిపిస్తే రక్తం అనుకుని హడలిపోతారు. అది పార్ఫిరిన్ అనే రంగు, కంటి వెనక గ్రంథిలోంచి వస్తుంది. ఒంట్లో బాగాలేదనో, ఒత్తిడిలో ఉందనో దానర్థం. గినీ పిగ్ అయితే గడ్డి మీదికి వచ్చి, వాసన చూసి, తినకుండా వెనక్కి పోతుంది. పంటి నొప్పికి అది బాగా తెలిసిన గుర్తు.

అపోహ: "చిన్న ప్రాణమే కదా, మాత్రలో చిన్న ముక్క గిల్లి వేస్తే చాలు."

వాస్తవం: ఇక్కడ లెక్క చేసి చూపిస్తాను. చిన్న జాతి హ్యామ్‌స్టర్ బరువు 40 గ్రాములు అనుకోండి. మెలాక్సికామ్ అనే నొప్పి మందు కిలోకి 1 మి.గ్రా. చొప్పున అనుకుంటే (ఇది లెక్క కోసమే, చీటీ కాదు) దానికి కావాల్సింది 0.04 మి.గ్రా. షాపులో మనుషుల మాత్ర 7.5 మి.గ్రా. అంటే ఒక్క మాత్రలో ఆ హ్యామ్‌స్టర్‌కి 180కి పైగా డోసులు. నాలుగో వంతు గిల్లినా 45 రెట్లకు పైనే. కంటికి కనిపించే ఏ ముక్కయినా దానికి ఎక్కువే. పొడి చేసి నీళ్లలో కలిపినా లాభం లేదు, మెలాక్సికామ్ నీళ్లలో సరిగా కరగదు. అడుక్కి దిగిన పొడిలో ఏ చుక్కలో ఎంత వస్తుందో చెప్పలేం.

బరువు కూడా చూపుతో చెప్పొద్దు. వంటింటి డిజిటల్ కాటా మీద స్టీలు డబ్బా పెట్టి, సున్నా చేసి, అందులో ప్రాణిని దించి గ్రాముల్లో రాసుకోండి. రోజూ ఒకే వేళకి తూచితే ఇంకా మంచిది. తిండి మానేసిన సంగతి కాటాయే ముందు చెబుతుంది.

అపోహ: "పసిపిల్లలకి వేసే పారాసెటమాల్ కదా, ఒకటి రెండు చుక్కలకి ఏమవుద్ది?"

వాస్తవం: ఏ సీసా అన్నది ముందు తేలాలి. సిరప్‌లలో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉండేవి ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి. చంటిబిడ్డల డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. డ్రాప్స్ చిన్న పిల్లలవి కాబట్టి పలచన అనుకుంటారు. అన్నిట్లోకీ చిక్కనివి అవే, మామూలు సిరప్‌కి నాలుగు రెట్లు.

పారాసెటమాల్ కాలేయాన్ని ఎలా పాడుచేస్తుందో తెలుసుకోవడానికి ల్యాబుల్లో వాడే జంతువే చిట్టెలుక. కిలోకి 300 మి.గ్రా. దగ్గర దాని కాలేయం దెబ్బతింటుంది. 30 గ్రాముల చిట్టెలుకకి అది 9 మి.గ్రా. డ్రాప్స్ సీసాలోంచి రెండు చుక్కలు పడితే దాదాపు అంతే. కొన్ని సిరప్‌లలో ఐబుప్రొఫెన్ అనే ఇంకో నొప్పి మందు కూడా కలిసి ఉంటుంది, లేబుల్ తిప్పి చూడకుండా అది తెలీదు.

అపోహ: "ఎక్కువైతే కక్కేస్తుందిలే."

వాస్తవం: ఎలుక, చిట్టెలుక, హ్యామ్‌స్టర్, గినీ పిగ్, ఏదీ వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది పోయినట్టే.

అపోహ: "మా కుక్క మందు ఇంట్లోనే ఉంది, బరువును బట్టి తగ్గించి వేస్తాం."

వాస్తవం: ఇది రెండు వైపులా కొట్టే తప్పు. కుక్కకి రోజూ వేసే మెలాక్సికామ్ కిలోకి 0.1 మి.గ్రా. ఎలుక ఒంట్లో మందు వేగంగా ఖర్చైపోతుంది కాబట్టి కిలో లెక్కన దానికి కుక్క కంటే ఎన్నో రెట్లు కావాలి. కుక్క లెక్క పెడితే నొప్పి తగ్గదు. తగ్గలేదని మళ్లీ మళ్లీ వేస్తారు, అప్పుడు ఎక్కువవుతుంది. గినీ పిగ్ లెక్క వేరు, ఎలుక లెక్క దానికి పనికిరాదు.

ఇంకో చిక్కు సిరంజిది. కొన్ని కుక్క మందుల సీసాలతో వచ్చే సిరంజి మీద గీతలు మి.లీ.లు కావు, కుక్క బరువు కిలోలు. షాపులో ఇచ్చే ఇన్సులిన్ సిరంజి సంగతి అంతకంటే ఘోరం. మన దగ్గర రెండు రకాలు తిరుగుతాయి: ఒకదాంట్లో మి.లీ.కి 40 యూనిట్లు, ఇంకోదాంట్లో 100. ఎవరైనా "పది గీత దాకా లాగండి" అన్నారనుకోండి. 100 రకంలో అది 0.1 మి.లీ., 40 రకంలో 0.25 మి.లీ. ఒకే మాట, రెండున్నర రెట్ల తేడా. అందుకే నేను 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి అడిగి తీసుకోమంటాను. దాని మీద మి.లీ.లో నూరో వంతు గీతలుంటాయి, సూది ఊడొస్తుంది. మందు సీసాని బాగా కుదిపిన తర్వాతే లాగండి.

పాకలో గేదెల కోసం ఉంచిన ఇంజెక్షన్ల జోలికి అసలు పోవద్దు. కొన్నిట్లో మెలాక్సికామ్‌తో పాటు పారాసెటమాల్ కూడా కలిపి ఉంటుంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుని పశువులకు వాడకుండా 2006లోనే ఆపేశారు, అది పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. అయినా పాత సీసాలు అటకల మీద ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

అపోహ: "ఒళ్లు కాలిపోతోంది, జ్వరం మందు వేశాం." (మే నెల మాట)

వాస్తవం: మన ఎండాకాలంలో రేకుల వరండాలో పంజరం పెట్టి, గినీ పిగ్ ఒళ్లు వేడిగా ఉందంటే అది జ్వరం కాదు, వడదెబ్బ. గినీ పిగ్‌కి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దగ్గరికి వస్తే ఇబ్బంది మొదలవుతుంది. రోహిణి కార్తెలో ఇక చెప్పేదేముంది. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచి పెడుతుంది, మందు దాన్ని దించుతుంది. వడదెబ్బలో మెదడు పెంచిందేమీ లేదు, బయటి వేడి లోపలికి వచ్చి పోలేక నిలిచిపోయింది. పారాసెటమాల్‌కి అక్కడ పని లేదు. మెలాక్సికామ్ లాంటివి వేస్తే ఇంకా నష్టం: ఒంట్లో నీళ్లు తగ్గిన ప్రాణికి ఆ మందులు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. చల్లటి చోటికి మార్చి, చెవులూ పాదాలూ మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టి, వెంటనే తీసుకురండి. ఐసు ముక్కలు పెట్టొద్దు.

అపోహ: "షాపాయన నొప్పి మాత్రతో పాటు యాంటీబయాటిక్ కూడా ఇచ్చాడు, తొందరగా తగ్గుద్దని."

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ సెట్టు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ నోటి ద్వారా వేస్తే గినీ పిగ్, హ్యామ్‌స్టర్ పేగుల్లో మంచి బాక్టీరియా చచ్చిపోయి క్లాస్ట్రీడియం అనే చెడ్డ బాక్టీరియా పెరుగుతుంది. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లో పోతాయి. తెల్ల ఎలుకలూ చిట్టెలుకలూ అమాక్సిసిలిన్‌ని తట్టుకుంటాయి కాబట్టి, "మా పక్కింటోళ్ల ఎలక్కి బాగానే పనిచేసింది" అన్న మాట గినీ పిగ్‌కి యమపాశం అవుతుంది. అలాగే డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్‌ని నొప్పి మందుతో కలిపి వేస్తే కడుపులో పుండ్లు పడతాయి. ఏదో ఒక్కటే వాడాలి, ఏదన్నది డాక్టరు చెప్పాలి.

అపోహ: "తాగే నీళ్ల సీసాలో కలిపేస్తే బాధ లేదు."

వాస్తవం: నొప్పితో ఉన్న ప్రాణి తాగేదే తక్కువ. ఎలుకలకి కొత్త రుచి అంటే అనుమానం, నీళ్లే మానేస్తాయి. పంజరంలో రెండుంటే జబ్బు లేనిది ఎక్కువ తాగుతుంది. హ్యామ్‌స్టర్‌కి ముద్దలో పెట్టి ఇచ్చారా, బుగ్గ సంచిలో దాచుకుని పోయి మూల గూడులో పెట్టుకుంటుంది. మందు మింగిందని మీరు రాసుకుంటారు, అదేమో దాచుకున్న రెండు రోజుల మందు తర్వాత ఒక్కసారే తినేస్తుంది. సిరంజితో ఇవ్వండి. తువ్వాలులో చుట్టి, వెల్లకిలా పడుకోబెట్టకుండా, ముందు పళ్ల వెనక పక్కనుండే ఖాళీలోంచి కొద్దికొద్దిగా, ఒక్కోసారి 0.1 మి.లీ.కి మించకుండా. నమిలి మింగాకే ఇంకొంచెం. తియ్యటి సస్పెన్షన్ (కుదిపి వాడే ద్రవం మందు) అయితే ఎలుకలు సిరంజిని పట్టుకుని నాకేస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

పైపూతల సంగతి ఒక్క మాటలో: నొప్పి బామ్, జెల్, కర్పూరం నూనె ఏది రాసినా నిమిషాల్లో నాకి కడుపులో వేసుకుంటాయి. రాయొద్దు.

అపోహ: "గినీ పిగ్ కుంటుతోంది, నొప్పి మందు రాసివ్వండి చాలు."

వాస్తవం: రాస్తాను, కానీ ముందు ఏం పెడుతున్నారని అడుగుతాను. మనలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. ఉత్త గింజలూ కీరా ముక్కల మీద పెంచితే కీళ్లు వాచి, ముట్టుకుంటే కీచుమని, కదలకుండా పడుంటుంది. నొప్పి మందుతో రెండు రోజులు లేచి తిరుగుతుంది, అసలు జబ్బు అట్నే ఉంటుంది. జామకాయ ముక్క, క్యాప్సికం రోజూ పెట్టండి, జామ మన దగ్గర ఏడాదంతా దొరికేదే. సి చుక్కలు ఎన్ని వెయ్యాలో బరువు చూసి చెప్తాను. పన్ను వల్ల అయితే మందుతో తేలదు, పళ్లు అరగదీయాలి. ఎక్స్‌రే అవసరమైతే తిరుపతి వెటర్నరీ కాలేజీకి పంపిస్తాను.

మందు మొదలుపెట్టాక లద్దె నల్లగా తారులా వచ్చినా, నీళ్లు మరీ ఎక్కువ తాగుతున్నా, తిండి మానేసినా మందు ఆపి ఫోన్ చెయ్యండి. గినీ పిగ్ అయితే ఒక పూట తినకపోయినా ఆగొద్దు, దాని పేగులు ఆడుతూ ఉండాలి. వచ్చేటప్పుడు ఇంట్లో వేసిన సీసాలన్నీ, సిరంజితో సహా, సంచిలో వేసుకు రండి. నోటితో చెప్పిన పేరు కంటే ఆ లేబులే నాకు పనికొస్తుంది.